తిప్పి వదిలేసిన కుళాయి

రైలు కాజీపేట దాటాక నాకు తూములో గుడ్డ గుర్తొచ్చింది. చేతిలో పులిహోర పొట్లం, ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఎదురుగా మా ఆయన హాయిగా తింటూ ఉప్పు కాస్త తక్కువైందన్నారు. ఉప్పు సంగతి దేవుడెరుగు, నాంపల్లిలో నా మూలంగా ఒక కుటుంబం ఏడాది సంపాదన నానిపోయేట్టుందని ఆయనతో ఎలా చెప్పను?

అది అరవైల మొదట్లో మాట. రాజధాని మారాక మా ఆయన ఉద్యోగం వెంట గుంటూరు నుంచి వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక పాత మిద్దె పైవాటాలో దిగాం. కింది వాటాలో తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నవాళ్లు. వాళ్లది నోటుపుస్తకాల పని. బేగం బజార్ నుంచి కాగితం తెచ్చి, మడిచి, కుట్టి, అట్టలంటించి, బడులు తెరిచేనాటికి ఆబిడ్స్ దుకాణాలకు వేసేవాళ్లు. ఏడాది మొత్తానికి వాళ్లకు డబ్బు కళ్లబడేది ఆ ఒక్క నెలే. ఎండాకాలమంతా కట్టిన కట్టలు ముందుగదిలో దూలాల దాకా పేర్చి ఉండేవి. ఆ గది సరిగ్గా మా వసారా కింద.

ఆ వసారాలోనే నా మొక్కలు. చెక్క జాలీ బిగించిన చిన్న వసారా, దాంట్లో ఇరవై దాకా నూనె డబ్బాలు. క్రోటన్లు, మరువం, ఒక గులాబీ, సీసాలో మనీప్లాంటు. కొత్త ఊళ్లో చుట్టాలెవరూ లేని రోజుల్లో పొద్దున లేచి పలకరించుకోవడానికి అవే ఉండేవి. అందుకే బాపట్లలో మా పిన్ని రెండు వారాలు రమ్మంటే సంతోషం కంటే ముందు దిగులే వేసింది. మే నెలలో రెండు రోజులు నీళ్లు తప్పితే చాలు, డబ్బాల్లో మన్ను పెంకులా అయిపోతుంది.

కింది వాటా ఇల్లాలిని నేను అక్కా అనేదాన్ని. ఆమె తనంతట తానే అడిగింది. "తాళంచెవి ఇచ్చి పో. ఫికర్ జెయ్యకు, పొద్దుగాల ఇన్ని నీళ్లు నేను పోస్త" అంది. మా ఆయన కూడా ఇచ్చెయ్యమన్నారు. నేనే ఒప్పుకోలేదు. మీకెందుకు శ్రమ, నేనేదో ఏర్పాటు చేసుకుంటాలెండి అని నవ్వి తప్పించుకున్నాను. ఎందుకంటే, వసారాలోకి వెళ్లాలంటే మా గది దాటాలి. ఆ గదిలో కుట్టుమిషన్ లేదు.

ఆ కథ దిగిన కొత్తలోది. అక్క నా జాకెట్టు చూసి, మంచిగుంది, ఎవరు కుట్టారని అడిగింది. అప్పుడు ఆమె ఒళ్లో కాగితాలు, చేతిలో దబ్బనం. పొద్దున్నించీ ఇంటిల్లిపాదీ కుడుతూనే ఉన్నారు. నేను మాత్రం చేతులూపుకుంటూ మెట్ల మీద నిలబడ్డాను. సిగ్గేసింది. నేనే కుట్టుకున్నాను, మా ఇంట్లో మిషనుందిగా అనేశాను. నిజానికి ఆ జాకెట్టు ఆబిడ్స్ దర్జీ కుట్టింది. ఆ తర్వాత మూడేళ్లు ఆ ఒక్క ముక్కకు కాపలా కాశాను. దర్జీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు జాకెట్లు కూరగాయల సంచీలో అడుగున దాచి తెచ్చేదాన్ని. అక్క అప్పుడప్పుడూ ఒక గుడ్డ చూపించి, జర నాక్కూడా కుట్టిపెట్టరాదా అనేది. ఒకసారి సూది విరిగిందన్నాను, ఒకసారి బెల్టు తెగిందన్నాను. ఆమె పైకొస్తే గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేదాన్ని. మా ఆయనకిదంతా వేళాకోళం. మిషన్ ఎలా ఉంది, నూనె పోశావా అని అడిగేవారు.

సరే, తాళంచెవి ఇవ్వకూడదు, మొక్కలు బతకాలి. నా బుర్ర అప్పుడు భలే పనిచేసింది. మాకు కుళాయి నీళ్లు తెల్లవారుజామున గంటసేపు వచ్చి పోయేవి. సైకిల్ షాపు నుంచి పాత ట్యూబులు తెచ్చి, కాల్చిన సూదితో బెజ్జాలు పొడిచి, వసారా పక్కనున్న కుళాయికి తాడుతో బిగించి డబ్బాల మీదుగా పరిచాను. కుళాయి తిప్పి వదిలేశాను. ఇక రోజూ నీళ్లు వచ్చినప్పుడల్లా మొక్కలకు వాటంతటవే పారతాయి, ఎక్కువైనవి తూములోంచి సందులోకి పోతాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కానీ ఊరెళ్లేముందు తూములో గుడ్డ కుక్కడం నాకలవాటు, పందికొక్కులు దూరకుండా. ఆ పని నేను ముందురోజే చేసేశాను.

బాపట్లలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పిన్ని పనసతొనలు వలిచి పెట్టింది, రుచి తెలియలేదు. తెల్లవారుజామున పక్కింటి గిలక చప్పుడుకి దిగ్గున లేచి కూర్చునేదాన్ని. ఇప్పుడే నీళ్లొచ్చుంటాయి, ఇప్పుడు వసారా నిండుతుంటుంది, పాత గచ్చు, ఎంతసేపు ఆపుతుంది? సముద్రానికి తీసుకెళ్తే అలల వైపు చూడలేక వీపు తిప్పి కూర్చున్నాను. కాసేపు, గుడ్డ వదులుగానే కుక్కానులే అనుకునేదాన్ని. మరుక్షణం, కర్రతో పొడిచి మరీ బిగించిన సంగతి చేతికే గుర్తొచ్చేది.

చెప్పడానికి దారి లేక కాదు. తాళం పగలగొట్టి కుళాయి కట్టెయ్యమని కిందివాళ్లకు ఒక్క తంతి కొడితే సరిపోయేది. కానీ తాళం పగిలితే గది కనపడుతుంది, నా బండారం బయటపడుతుంది. తాళంచెవి మా ఆయన స్నేహితుడికి రిజిస్టరు పోస్టులో పంపితే? చేరేసరికి నాలుగు రోజులు. ఇలా లెక్కలు వేసుకుంటూనే నాలుగు రోజులు గడిపేశాను. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే ఒళ్లు మండుతుంది. వాళ్ల పుస్తకాల కంటే నాకు నా బడాయి ముఖ్యమైపోయింది.

ఐదో రోజు పొద్దున పోస్టు కార్డులు కావాలని పిన్నికి వంక చెప్పి పోస్టాఫీసుకు వెళ్లి తంతి ఇచ్చాను. గుమాస్తా రెండుసార్లు చదివి, తాళం పగలగొట్టమనే కదమ్మా అన్నాడు. అవునన్నాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పేశాను. ఆయన నవ్వలేదు, వేళాకోళమాడలేదు. బట్టలు సర్దమన్నారు. ఆయన తిట్టుంటే కాస్త నయంగా ఉండేది.

మరుసటి రోజు నాంపల్లిలో దిగి సందు మొదటికొచ్చేసరికే కనపడింది. కింది వాటా ముందు వెదురు చాప మీద పుస్తకాలు విప్పి ఆరేసి ఉన్నాయి. అక్క కూతురు ఒక్కొక్క కాగితం విడదీస్తోంది. రెండు కట్టలు ఉబ్బి పనికిరాకుండా పోయాయి. మూడో రోజు నుంచే కప్పు కారిందట. గిన్నెలు పెట్టి, సరుకంతా వరండాలోకి మోసి, వంతులవారీగా కాపలా పడుకున్నారట. మీ తంతి అందేదాకా తాళం ముట్టుకోవడం మర్యాద కాదని ఆగామన్నాడు అక్క భర్త, తప్పు తనదేనన్నట్టు. మేం వెళ్లిన ఊరి అడ్రసు వాళ్లకు తెలీదు. నేను ఎన్నడూ చెప్పలేదు.

అక్క కొత్త తాళంచెవి చేతిలో పెట్టి, నా వెంట పైకొచ్చింది. వసారా శుభ్రంగా తుడిచి ఉంది. ట్యూబులు చుట్టి మూలన పెట్టి ఉన్నాయి. మొక్కలన్నీ కళకళలాడుతున్నాయి. నాకు వాటి వైపు చూడబుద్ధి కాలేదు. గదిలో తాడు మంచం, రెండు ట్రంకు పెట్టెలు, గోడకి క్యాలెండరు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. మా ఇంట్లో మిషన్ లేదక్కా, ఎప్పుడూ లేదు అన్నాను.

"నాకెర్కే" అంది. "మూడేండ్ల సంది కిందనే ఉంటున్న. ఒక్కనాడన్న మిషన్ చప్పుడు ఇనబడిందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ నేను ఎవరి నుంచి దాచాను? "మరి జాకెట్టు కుట్టిపెట్టమని ఎందుకడిగేవారు?" అన్నాను.

"గట్లన్న ఒక్కసారి లోపలికి రమ్మంటవేమోనని" అంది.

ఆ మాట అనేటప్పుడు కూడా ఆమె గడప అవతలే నిలబడి ఉంది. తాళం పగలగొట్టి నీళ్లెత్తి పోసిన ఇంటికి, పిలవందే రాకుండా. ఏడుపు ఆపుకోలేకపోయాను. లోపలికి రండక్కా, కూర్చోండి అన్నాను. కూర్చోబెట్టడానికి నా దగ్గర కుర్చీ కూడా లేదు. ఆమె చెప్పులు విడిచి వచ్చి, నేల మీద కూర్చుంది.