దసరాకు కడిగిన ఇంజను

బంకులో పెట్రోలు వాసన తగిలితే బాలమణక్క గుర్తొస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. దేవరకొండ దగ్గరి మా ఊళ్ళో ఆమె మా పొరుగింటి మనిషి. మెకానిక్ అయిన భర్తతో కలిసి ఏళ్ళ తరబడి ఇంజన్లు విప్పింది. ఆయన పోయాక ఊరు ఆమెను కలుపు తీయడానికే పిలిచింది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పూతకొచ్చిన పల్లిచేను నీళ్ళు లేక వాడిపోతోంది. ఆ ఏడు మాకున్న పంట అదొక్కటే. అప్పటికి నేను డిగ్రీ చదివి ఇంట్లో ఉన్నాను. మూలపడ్డ పాత పెట్రోలు ఇంజన్ను బావి దగ్గరికి తెచ్చి, తాడు ఎంత గుంజినా అంటుకోలేదు. బాపు టౌను నుంచి పిలిపించిన మెకానిక్ కొత్త ప్లగ్గు వేసి చూశాడు. స్పార్కు లేదు. "కాయిల్ సచ్చింది, పాత ఇనుముకెయ్యి" అని తేల్చేసి, నీడకు పోయి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

పక్క చేలో కలుపు తీస్తున్న బాలమణక్క వచ్చి బాపును ఒకటే అడిగింది.

"కాకా, దసరకు దీన్ని కడిగిన్రా?"

"కడగకుంట పూజ జేస్తమా? పసుపునీళ్ళు గూడ వోసినం."

ఆమె నవ్వలేదు. "స్పార్కు రాకుంటే ప్లగ్గు కాడికెళ్ళి ఒక్కొక్క అడుగు ఎనుకకు నడవాలె చెల్లె. సక్కగ కాయిల్ మీద పడొద్దు" అని నాతో అంటూ, ఇంజన్ను ఆపే స్విచ్చి వైరు ఊడదీసింది. అయినా స్పార్కు రాలేదు. తాడు చుట్టే చక్రానికున్న కిటికీలోంచి లోపలి పాయింట్లు చూపించింది. స్పార్కు పుట్టించే ఆ రెండు బిళ్ళల మధ్య పసుపు అట్టకట్టి ఉంది. గరుకు కాగితంతో గీకి, పొడి కాగితంతో తుడిచి, ప్లగ్గును ఇనుముకు ఆనించింది. నేను తాడు గుంజాను. నీలంగా మెరిసింది. కాసేపట్లో కాలువలో నీళ్ళు పారాయి.

అప్పుడు లేచొచ్చాడు ఆ మహానుభావుడు. "నేను కదిలిచ్చినంకనే దారికొచ్చింది" అన్నాడు. బాపు తలూపి, చాయ్ అతనికి పోశాడు. ఆమెకు పోయలేదు. ఆమె చేతులు తుడుచుకుని మళ్ళీ కలుపులోకి దిగింది. ఆ తర్వాత ఊళ్ళో ఇంజన్లన్నీ అతని దగ్గరికే పోయాయి. సిగ్గులేని మనుషులం.

ఆ సాయంత్రం ఆమె మా గుమ్మం ముందు ఆగింది.

"చెల్లె, తాడు గుంజింది నువ్వే గద."

"నేనే అక్కా."

"మరి చెప్పకపోతివి."

ఇప్పుడు జడ్చర్లలో పంపుల సర్వీసు దుకాణం నాది. లోపం కనిపెట్టిన వాళ్ళ పేరు చెప్పకుండా ఏ మిషనూ బయటికి పంపను. బాపు ఆ టౌను మెకానిక్‌ను మెచ్చుకున్నప్పుడల్లా "కాదు బాపూ, బాలమణక్క" అని అడ్డుపడతాను. ఆయనకు కోపం వస్తుంది, వస్తే రానీ. ఆ మాట వినాల్సిన బాలమణక్క పోయి మూడేళ్ళయింది.