ఆత్మకూరు పలకని మధ్యాహ్నం

ఆ రోజుల్లో కంప్యూటరు కదలకపోతే మాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఆర్పి మళ్లీ వెలిగించడం. కాలేజీ గడప తొక్కకుండా, అట్టలూడిన పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఆ వైద్యం మీద నాకు మరీ గురి. ఉదయగిరిలో ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పని. ఓనరుండేది ఆత్మకూరులో, విద్యార్థుల అసలు జాబితా ఆయన మిషన్లోనే, మా దగ్గరుండేది దాని నకలు. సర్టిఫికెట్ ప్రింటు కొట్టబోతే చాలు, మా ప్రోగ్రాము మోడెమ్ అనే డబ్బాతో ఆత్మకూరుకు ఫోన్ కలిపి పేరు సరిచూసుకునేది. (ఆ డబ్బా కీచుకూతలు పడక దాని నోరు నేనే నొక్కేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.)

ఒకరోజు పన్నెండుంబావు కావస్తుండగా చెక్క గరిటెలు చెక్కే మేస్త్రి ఒకాయన తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. మా దగ్గరే కోర్సు చేసిన పిల్ల. నాలుగింటికి నెల్లూరులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ, కబురు ఆ పొద్దునే అందింది. సర్టిఫికెట్ లేకపోతే లోపలికి రానివ్వరు. పన్నెండున్నర బస్సు తప్పితే ఇక అంతే.

పేరు కొట్టాను. తెర బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలకదు. రెండు నిమిషాలు చూసి ఆర్పేశాను, వెలిగించాను. మళ్లీ అక్కడికే వచ్చి బిగుసుకుంది. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"సార్, బస్సొచ్చేసింది," అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

మేస్త్రి మాత్రం గడప మీద కూర్చుని, సంచిలోంచి గరిటె తీసి చెక్కుకుంటున్నాడు. "అబ్బయ్యా, అది చచ్చిందా, ఆలోచిస్తుండాదా?"

"చచ్చింది!"

"అయితే ఇంకా చంపబాకు. కాసేపు దాని జోలికి పోకుండా ఉండు."

"నీ గరిటె నువ్వు చెక్కుకో మేస్త్రీ! ఇది మిషను!"

మూడోసారీ అదే తంతు. ఇక ఆర్పే ఓపిక కూడా లేక రోడ్డు మీదికి పరుగెత్తాను.

"ఒక్క ఐదు నిమిషాలు ఆపన్నా!"

"ఐదు నిమిషాలంట! మీ నాయన బండా ఇది?" అన్నాడు కండక్టరు. బస్సు కదిలింది. చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాను. "జరగరా పిచ్చోడా!" అని డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. ఆ మోతలోనే లోపల్నుంచి ప్రింటరు బరబర వినిపించింది.

చిల్లుల అంచులు కూడా చించని కాగితం పట్టుకుని పిల్ల పరుగెత్తుకొచ్చింది. "సార్, అదే అడిగింది! ఆత్మకూరు పలకలేదు, ఇక్కడుండే జాబితాతో కానీమంటారా అని. సరేనని కొట్టినాను!" బస్సెక్కేసింది.

అదీ సంగతి. అది చావలేదు. మూడు నిమిషాలపాటు ఆత్మకూరును పిలిచి, పలకకపోతే మానుకునేది. నేను రెండో నిమిషంలోనే పీక నొక్కుతూ వచ్చాను. నోరుంచి ఉంటే అవతల ఫోన్ మోగడమైనా వినిపించేది!

భోంచేసి వచ్చిన ఓనరును ఫోన్లో నిలదీశాను. "మిషను ఎందుకు ఆర్పేసినారు?"

"మధ్యాహ్నం ఎద్దులకే కాడి దించుతాం. దానికి రెస్టొద్దంట్రా?"

సరే, ఆయన రైతు. 'పిలుస్తున్నాను, ఉండు' అని తెర మీద ఒక్క ముక్క రాయడానికి ఆ ప్రోగ్రాము రాసిన మహానుభావుడికేం రోగం? ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు.

నెల తిరక్కముందే మేస్త్రి ఆ గరిటె తెచ్చిచ్చాడు. "ఆ పొద్దు నువ్వు ఆర్పి వెలిగించేలోపు దీన్ని చెక్కడం అయిపోయింది అబ్బయ్యా. పిల్లకు ఉద్యోగమొచ్చింది, తీసుకో."

మేస్త్రి ఇప్పుడు లేడు. గరిటె నల్లబడి మా వంటింట్లో ఉంది. సెల్‌ఫోన్లో చక్రం తిరుగుతూ ఉండిపోతే నా వేలు ఆర్పే మీట మీదికే పోతుంది. మా ఆవిడ ఏమీ అనదు, ఆ గరిటెతో గిన్నె అంచు మీద టక్కున కొడుతుంది. వేలు తీసేసి, మూడు నిమిషాలు లెక్కపెట్టుకుంటాను.