నట్టును ముందు బిగించమన్న యాకయ్య

మొన్న జనగామలో మా అన్న కూతురి పుట్టినరోజు. పిల్ల కొవ్వొత్తులు ఊదింది, అందరూ చప్పట్లు కొట్టారు, ఆరిన వత్తి పొగ నా ముక్కుకు తగిలింది. ఆ వాసనకు మిగతావాళ్ళకు కేకు గుర్తొస్తుంది. నాకు తుప్పు గుర్తొస్తుంది. కేకు ముక్క పట్టుకొని గోడ వైపు తిరిగితే, ఏమైందని వదిన అడిగింది. క్రీము ఎక్కువైందన్నాను. యాకయ్య గురించి కేకు దగ్గర చెప్పడం కుదరదు. ఇక్కడ చెబుతాను.

యాకయ్య మహబూబాబాద్‌లో పాత కార్లు బాగుచేసేవాడు. డిప్లొమా చదివాక నాకు దొరికిన మొదటి పని ఆయన రేకుల షెడ్డులోనే. షెడ్డుకు బోర్డు ఉండేది కాదు. "కారు ఆగినోడు ఎట్లైనా ఎతుక్కుంట వస్తడు. నడిచేటోనికి నాతోని ఏం పని?" అనేవాడు. గోడ పక్కన ఒక బిస్కెట్ల డబ్బా, దాని నిండా కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు. కరెంటు మీద ఈయనకు నమ్మకం లేదేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అవి తుప్పుకు మందు. కదలని నట్టును వేడిచేసి మైనం ఆనిస్తే, కరిగి నట్టు లోపలి మరల సందుల్లోకి పాకుతుంది. నూనె కూడా చేరని చోటికి చేరుతుంది.

మొదటి వారంలోనే నా చదువు చూపించాను. మొండికేసిన బోల్టుకు పానా వేసి, పానాకు పొడుగాటి పైపు తొడిగి ఒక్క గుంజు గుంజాను. బోల్టు తల విరిగి నా కాళ్ళ దగ్గర పడింది. "సగం ఇప్పిన, అన్నా" అన్నాను. యాకయ్య తిట్టలేదు, నవ్వలేదు. లోపల ఉండిపోయిన సగాన్ని బయటికి తీయడానికి ఇద్దరికీ రెండు రోజులు పట్టింది. అది వచ్చాక చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఇనుముతోని కొట్లాడితె నువ్వే గెలుస్తవ్ రా. గెలిచినంక చేతిల ఏం మిగుల్తదో గది చూస్కో."

కంటికి కనబడని చోట ఆయన పని చూడాలి. ఇంజను సందులోకి చెయ్యి పోనిచ్చి కళ్ళు మూసుకునేవాడు. వేళ్ళతోనే నట్టు ఎంత అరిగిందో, ఏ మూల పట్టు దొరుకుతుందో చెప్పేవాడు. అట్లాంటి మనిషి చేతిలోంచి కొన్నాళ్ళకు నట్లు జారిపడడం మొదలైంది. "ఏందన్నా, ఇత్తనాలు చల్లుతున్నవా? వానలు పడితె జీపులు మొలుస్తయేమో" అన్నాను. ఆయన నవ్వుతూనే వంగి ఏరుకునేవాడు. ఆ జోకు నాకు బాగా నచ్చి చాలాసార్లు వేశాను.

అప్పుడు వచ్చింది భూపాలపల్లి నుంచి శాంతమ్మ టీచర్ అంబాసిడర్. భర్త పోయాక పదేళ్ళు కొట్టంలో నిలబడ్డ కారు. ఇంజను నడుస్తుంది గానీ పొగ కారు లోపలికే వస్తుంది. నాలుగు అద్దాలూ దించి తెచ్చినా, పక్కనున్న చెల్పూర్ దాటకముందే డ్రైవరుకు దగ్గు మొదలైందట. ఇంజనుకు, పొగగొట్టానికి నడుమ ఉండే ప్యాకింగు చిరిగింది. అది మార్చాలంటే ఆరు నట్లు ఇప్పాలి.

వెనకే బస్సులో వచ్చిన టీచర్ ఒక్కటే అడిగింది. "ఈస్టర్ నాడు ఈ కార్లనే చర్చికి పోవాలని ఉన్నది, యాకయ్యా. నీతోని కాదంటె చెప్పు, తుక్కుకు ఏసేస్త."

"గా నట్లు బిగించింది నేనే, టీచరమ్మా. నేనే ఇప్పుత" అన్నాడు.

ఐదు వచ్చాయి. ఆరోది ఇంజను వెనకాల, నాలుగు వేళ్ళు పట్టే సందులో ఉంది. పానా వేసినా పావు వంతు కూడా తిరిగే చోటు లేదు. అది విరిగితే మొత్తం ఇంజను దించాలి. ఆ వయసు ఇంజను ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ఇంజను నడిపి వేడెక్కించాం. ఆపాక యాకయ్య కొవ్వొత్తి ముక్క పట్టుకొని సందులోకి చెయ్యి పెట్టాడు. మైనం వాసన వచ్చింది. కాసేపటికి ఇంకో వాసన వచ్చింది.

"అన్నా, చెయ్యి కాల్తుంది."

"ఎవలది?" అన్నాడు.

నిజంగానే అడిగాడు. నేను మోచెయ్యి పట్టి బయటికి లాగితే రెండు వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. ఎవరో ఇచ్చిన సామాను చూసినట్టు తన చేతిని తిప్పి చూసుకున్నాడు.

"షుగరు రా. ఆర్నెల్ల సంది ఏళ్ళకు స్పర్శ లేదు. ఎవ్వలకు చెప్పకు. మెకానిక్కు ఏళ్ళు మొద్దువారినయంటె కారు ఎవలు తెస్తరు?"

నేను విత్తనాల జోకు మొదలుపెట్టి కూడా ఆరు నెలలే. బకెట్లో నీళ్ళు తెచ్చి ఆయన చెయ్యి ముంచాను. ఆ నీళ్ళ చల్లదనం కూడా ఆయనకు తెలియలేదు.

మర్నాడు సందులోకి నా చెయ్యి పెట్టించాడు. తను స్టూలు మీద కూర్చొని, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు.

"ఏం తగుల్తుంది?"

"నట్టు."

"నట్టని నాకెర్క. ఎట్లున్నది?"

"మా మేనమామ లెక్క ఉన్నది. బతిలాడినా కదుల్తలేడు."

"నవ్విచ్చుడు తర్వాత. ఇప్పుడు నా చెయ్యి నువ్వే. నాకు ఉన్నదున్నట్టు చెప్పాలె."

చెప్పాను. రెండు మూలలు అరిగాయి, గోడ వైపు మూల గట్టిగా ఉంది, అడుగున గరుకుగా పెచ్చు తగులుతోంది. నా జీవితంలో జోకు లేకుండా అంతసేపు మాట్లాడింది అదే మొదలు. మళ్ళీ వేడి, మళ్ళీ మైనం. మూడోసారి పానా వేయించి, "జర బిగియ్యి" అన్నాడు.

"ఇప్పాల్సింది కదా అన్నా?"

"ఇన్నేండ్లు పట్టుకున్నదాన్ని ఒక్కసారే వెనుకకు గుంజితె ఇరుగుతది. ముందటికి ఎంటికంత పోనియ్యి. పట్టు ఇడిసినంక వెనుకకు తే."

బిగించాను. చీమ అడుగంత కదిలింది. కిర్రుమన్న చప్పుడు ఆయన చెవికి వినబడలేదు, నా వేలికి తెలిసింది. "కదిలింది" అన్నాను. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం అంటూ పొద్దున మొదలైతే, మధ్యాహ్నం అన్నం వేళకు నట్టు నా అరచేతిలో పడింది. దాన్ని ఆయన అరచేతిలో పెట్టాను. ఈసారి జారకుండా పిడికిలి మూసింది నేనే.

ఈస్టర్‌కు రెండు రోజుల ముందు టీచర్ వచ్చి కారులో కూర్చుంది. షెడ్డు చుట్టూ రెండు చక్కర్లు కొట్టినా పొగ లేదు. దిగి, "ఆ కాలం చెయ్యి ఎటువోతది, యాకయ్యా" అంది. నేను నేల చూశాను. ఎవ్వరికీ చెప్పకన్న ఆయన మాట నాకు గుర్తుంది. ఆ పూట షెడ్డులో బండ్లు ఇచ్చినవాళ్ళు ఇంకో నలుగురున్నారు.

"చెయ్యి గీనిది, టీచరమ్మా. నా ఏళ్ళకు తెలుస్తలేదు" అన్నాడు యాకయ్య నన్ను చూపించి, అందరికీ వినబడేలా.

బండ్లు మాత్రం రావడం ఆగలేదు. ఆయన స్టూలు మీద కళ్ళు మూసుకొని అడగడం, నేను చెప్పడం, ఇంకో మూడేళ్ళు అట్లాగే నడిచింది. నిరుడు ఆయన పోయాడు. కొవ్వొత్తుల డబ్బా ఇప్పుడు జనగామలో నా షెడ్డులో ఉంది. పొద్దున తాళం తీయగానే ఏదో ఒక ఇంజను మీద చెయ్యి ఆనించి, చల్లదనం వేళ్ళకు అందేదాకా ఆగుతాను. మొక్కుతున్నానని పక్క కొట్టాయన అనుకుంటాడు. అనుకోనిస్తాను. "తెలుస్తుంది, అన్నా" అని పైకే చెప్పి పానా తీస్తాను.