సంచిలో ఉండిపోయిన కాగితం

వీధంతా గోల చేశాకే జిగురు డబ్బాయన భయపడి ఓడకి కాగితం అంటించాడని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అది శుద్ధ అబద్ధం.

ఆయన కోర్టు అమీను. ఓడను ఆపమని జడ్జి ఉత్తర్వు ఇస్తే, దాన్ని తీసుకెళ్లి ఓడ నడిపే గది అద్దానికి అంటించేది ఆయనే. ఉప్పుగాలికి టేపు నిలవదని మైదా ఉడికించి డబ్బాలో పోసుకెళ్తాడు. ఆ పేరు అలా వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు, మోకాలు పట్టేస్తుంది, అయినా తాడునిచ్చెన మీద ఊగుతూ ఎక్కుతాడు. ఆయన అంటించిన కాగితం ఇంతవరకు ఒక్కటీ కోర్టులో కొట్టుడుపోలేదు.

ఎదురింటి పెద్దావిడ కొడుకు చేపల పడవను ఒక సరుకుల ఓడ గుద్ది ముంచేసింది. మనుషులు ఈది బయటపడ్డారు గానీ బతుకుతెరువు సముద్రం అడుగుకు చేరింది. ఓడ పరాయి దేశానిది. వెళ్లిపోతే ఇక ఎవరిని పట్టుకుని అడగాలి? కోర్టు ఉత్తర్వు ఇచ్చేనాటికి అది రేవులో చోటు కోసం దూరాన కాచుకుని ఉంది. అమీను ఓడలకు మంచినీళ్లు చేరవేసే పడవెక్కి వెళ్లాడు. ఓడ మీద టీ తాగి, సంచి విప్పకుండానే దిగొచ్చాడు. నీళ్ల పడవవాళ్లు చూసింది చూసినట్టే చెప్పారు. సాయంత్రానికి ఆ టీ లంచమై కూర్చుంది.

పెద్దావిడ గుమ్మంలో నిలబడి, “కప్పు టీకే అమ్ముడుపోయావా మరిదీ?” అని నలుగురూ వినేలా అడిగింది. ఆయన తలెత్తకుండా జిగురు కలుపుకుంటూ ఉండిపోయాడు.

మూడో రోజు పొద్దున ఓడ రేవులోకి వచ్చింది. మోకులు కట్టడం పూర్తికాకముందే కాగితం అద్దం మీద ఉంది.

అసలు సంగతి పెద్దావిడకు వాళ్ల లాయరు చెప్పాడు. ఒడ్డు నుంచి పన్నెండు సముద్రపు మైళ్ల దాకే ఆ కోర్టు మాట చెల్లుతుంది. అమీను ఎక్కిన రోజు ఓడ ఆ హద్దుకు అరమైలు అవతల ఉంది. ఆ సంగతి ఆయన ఓడలోని పటం మీద చూసుకున్నాడు. అక్కడ అంటించి ఉంటే అవతలి లాయరు ఒక్క పూటలో చింపించేవాడు.

ఆవిడ తిన్నగా వచ్చి ఆయన మెట్టు మీద కూలబడింది. “నోటికొచ్చినట్టు తిట్టానే, ఆ ముక్క నాతోనైనా చెప్పకూడదా?”

ఆయన డబ్బా కడుక్కుంటూ అన్నాడు: “నీకు చెబితే వీధికి చెప్పినట్టే కదా వదినా. వీధికి తెలిస్తే నీళ్ల పడవవాళ్ల నోట ఓడకి తెలిసేది, అటునుంచటే చెక్కేసేది. వదిలేశానని మీరంతా తిట్టారు కాబట్టే అది ధీమాగా లోపలికొచ్చింది.”