గార్డెన్ రీచ్ లారీని అమ్మిన ఆదివారం

పాత లారీలంటే నాకు పిచ్చి. విశాఖపట్నంలో గాజువాక దగ్గర చిన్న రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, తుక్కుకు పోబోయే బళ్ళను కొని, బాగుచేసి, ముచ్చటపడి అడిగినవాళ్ళకు అమ్ముతుంటాను. ఒకటి అమ్మితేగాని ఇంకోటి కొనలేను కాబట్టి మనసుకు నచ్చిన బండిని కూడా వదులుకోక తప్పదు. అలా ఈసారి వదులుకోవలసిన బండి కలకత్తాలో ఉంది. నాలుగేళ్ళ క్రితం గార్డెన్ రీచ్‌లో ఒక రేవు కాంట్రాక్టరు దగ్గర కొన్నాను. ముందుకు మూతిలా పొడుచుకొచ్చిన బానెట్, చెక్క క్యాబిన్, హ్యాండిల్ పెట్టి తిప్పితేగాని లేవని పెట్రోల్ ఇంజను. దాన్ని ముప్ఫై ఏళ్ళు నడిపిన అప్పన్న గారే తన బస్తీ పక్క షెడ్డులో పెట్టుకుని చూసుకునేవారు. ఆయనది శ్రీకాకుళం వైపు. ఏడాదికి రెండుసార్లు నేను సామాన్లు పట్టుకుని వెళితే ఇద్దరం కలిసి బండి పని చేసుకునేవాళ్ళం.

ఇంతలో పదిహేనేళ్ళు దాటిన లారీలు నగరంలో తిరగకూడదని ఉత్తర్వు వచ్చింది. షెడ్డు కూడా ఖాళీ చెయ్యమన్నారు. సాల్ట్ లేక్‌లో ఐటీ ఆఫీసుల మధ్య హోటల్ తెరుస్తున్న సౌమిత్ర అనే ఆయన లారీ కొంటానన్నారు. హాలు మధ్యలో నిలబెట్టి, వెనక తొట్టిలో బల్లలు వేస్తారట. గదిలో పెట్రోల్ ఉండకూడదు, బరువు కూడా తగ్గాలి కాబట్టి ఇంజను తీసేస్తామన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ సంగతి అప్పన్న గారికి మాత్రం చెప్పలేదు. ఫోనులో మూడుసార్లు చెప్పబోయి, మూడుసార్లూ అక్కడి ఎండల గురించి అడిగి పెట్టేశాను.

శనివారం విశాఖలో స్లీపర్ ఎక్కితే ఆదివారం తెల్లవారాక హౌరాలో దిగాను. టికెట్టు మూడొందల చిల్లర. నది దాటడానికి స్టీమరు బాగుంటుంది గాని, ఆదివారం పొద్దున్నే దానికోసం కాచుకోవడం ఎందుకని స్టేషన్ బయట బస్సెక్కాను. వీధులు ఖాళీగా ఉండటంతో ముప్పావుగంటలో గార్డెన్ రీచ్ చేరాను. లారీని ఆ ఒక్కరోజు, మధ్యాహ్నం పన్నెండులోపు, రాసిచ్చిన దారిలోనే నడపాలని అనుమతి కాగితం తెప్పించాను. ఆ దారి రాయించింది నేనే. ఖిదిర్‌పూర్ మీదుగా, బైపాస్ పట్టుకుని సాల్ట్ లేక్‌కు.

అప్పన్న గారు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని లారీ పక్కన నిలబడి ఉన్నారు. ఆయన భార్య నర్సమ్మ గారు కొత్త చీర కట్టుకుని చేతిసంచీతో తయారుగా ఉంది.

"ఇదీ వొస్తాదంట బాబూ. కాదంతే ఊరుకోదు," అన్నారాయన.

"ముప్పయ్యేళ్ళు తోలినాడు గానీ నానొక్కపాలైనా ఈ బండెక్కనేదు," అందావిడ. "కాంట్రాక్టరు ఒప్పుకునీవోడు కాడు. పెళ్ళైన కొత్తల్లో దీనిమీదే మావూరు తీసుకెల్తానన్నాడు. ఎప్పుడెల్లినా ఆ రైలే గదా."

"నా బండైతే తీసుకెల్లీవోణ్ణే," అన్నారాయన, హ్యాండిల్ అందుకుంటూ.

మూడో తిప్పుకు ఇంజను లేచింది. ముగ్గురం ముందు సీటులో ఇరుక్కున్నాం. గేరు మార్చినప్పుడల్లా ఆయన క్లచ్ రెండుసార్లు తొక్కుతుంటే, నర్సమ్మ గారు ఆ కాలునే చూస్తూ కూర్చుంది. పాతిక కిలోమీటర్ల వేగం దాటలేదు. రేవు గేటు దగ్గర ఒక ముసలి కూలీ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

ఖిదిర్‌పూర్ దాటాక రేడియేటరు చల్లారడానికి ఒక టీ కొట్టు దగ్గర ఆపాం. మట్టి పిడతలో టీ మూడు రూపాయలు. అప్పన్న గారు హుషారుగా ఉన్నారు.

"కొన్నాయనకి ఒకటి సెప్పాల బాబూ. వారానికోపాలి ఇంజను లేపాల. నేకపోతే బిగిసిపోద్ది. ఆయనకి తీరకపోతే నానే ఆదివారం ఆదివారం ఎల్లి లేపొస్తాను. బస్సు ఉన్నాది గదా."

ఇంక దాచలేకపోయాను. "అప్పన్న గారూ, ఇంజను ఉండదు. తీసేస్తారు. నెల కిందటే నాకు చెప్పారు."

ఆయన పిడత బల్లమీద పెట్టారు. లారీ వైపు చూశారు. "నెల కిందటా? మరేటి సెప్పనేదు?" అన్నారు.

"చెబితే మీరు బండి ఇవ్వనంటారేమోనని భయపడ్డాను."

"బండి నీది బాబూ. నానివ్వకపోడానికేటున్నాది?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. నర్సమ్మ గారు కొంగుతో మెడ తుడుచుకుని వెళ్ళి బండెక్కింది.

హేస్టింగ్స్ దగ్గర మేము కుడివైపు తిరగాలి. ఎడమ పక్కది గంగ దాటి హౌరా వైపు పోయే కొత్త వంతెన మీదికి ఎక్కే దారి. అప్పన్న గారు కిటికీలోంచి తల తిప్పి వెనక చూసుకుని, స్టీరింగు ఎడమకు తిప్పారు.

"కాగితంలో ఈ దారి లేదండీ," అన్నాను.

"ఎరుకే," అన్నారాయన.

టోలు దగ్గర చీటీ ఇచ్చే మనిషి కిటికీలోంచి బయటికి వంగి, "ఎటా ఎఖనో చోలే, దాదా?" అని నవ్వాడు. ఇది ఇంకా నడుస్తోందా అని. "ఆజ్‌కే చోల్ఛే," ఈరోజుకి నడుస్తోంది, అన్నారు అప్పన్న గారు. వంతెన మధ్యలోకి వచ్చేసరికి గాలి క్యాబిన్‌లో రివ్వుమంది. కింద గంగలో పడవలు గోరంత కనిపించాయి. తాను జీవితమంతా పనిచేసిన రేవు ఆయన కంట్లో పడే ఉంటుంది. ఆ వైపు మాత్రం ఎక్కువసేపు చూడలేదు.

సంత్రాగాఛీ దాటి, కోనా రోడ్డు మన ఆంధ్రా వైపు పోయే పెద్ద రహదారిలో కలిసేచోటు దాకా వెళ్ళాం. పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు గాని మాకు గంట పట్టింది. అక్కడ ధాబా ముందు ఆంధ్రా నంబర్ల లారీలు నాలుగు ఆగి ఉన్నాయి. పళ్ళు తోముకుంటున్న ఒక డ్రైవరు మా బండి చుట్టూ తిరిగి, "ఏ ఊరెల్తందమ్మా ఈ బండి?" అని అడిగాడు.

"టెక్కలి పక్కన మావూరు," అంది నర్సమ్మ గారు తడుముకోకుండా.

ఆవిడ దిగి రోడ్డు అంచున నిలబడింది. దక్షిణానికి పోయే లారీల దుమ్ము చీర మీద పడుతున్నా పక్కకు జరగలేదు.

"ఇలాగ తిన్నగా పోతే మనూరేనా?"

"తిన్నగానే. రెండు రోజులు తోలితే సాలు," అన్నారు అప్పన్న గారు.

ఇద్దరూ ఆ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు. నేను బండి దగ్గరే ఉండిపోయాను. చివరికి ఆవిడే, "ఇక్కడికి సాలు. తిప్పియ్," అంది. సంచీలోంచి అటుకులు తీసి ముగ్గురికీ పెట్టింది. నాకు పెట్టేటప్పుడు కూడా చెయ్యి తగ్గించలేదు.

సాల్ట్ లేక్ చేరేసరికి ఒంటిగంట దాటింది. బైపాస్ మీద సార్జెంటు ఆపి, గడువు మీరిందని జరిమానా రాశాడు. తప్పు మాదే, కట్టాను. రెండు గంటలుగా ఎదురుచూస్తున్న సౌమిత్ర గారి మొహం మాడిపోయి ఉంది. అప్పన్న గారు ఆయన్ని బానెట్ దగ్గరికి పిలిచి బెంగాలీలో నెమ్మదిగా చెప్పారు. ఇవాళ ఇంజను వేడిగా ఉంది, రేపు తియ్యండి. ముందు నీళ్ళు వంపండి. వెనక ఎడమ బోల్టు నేను అతికించింది, దాన్ని సుత్తితో కొట్టకండి, ఛాసిస్ చీలుతుంది. సౌమిత్ర గారు జేబులోంచి కాగితం తీసి అన్నీ రాసుకున్నారు. రాసుకున్నాక, ఇంజను మీరే తీసుకుంటారా అని అడిగారు.

"ఒక గది కొంప. ఎక్కడెట్టుకుంతాను?" అని నా వైపు తిరిగి తెలుగులో అన్నారు అప్పన్న గారు. బానెట్ కిందికి లాగేసి హ్యాండిల్ సీటు మీద పెట్టేశారు. తిరుగు బస్సులో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. నేను రెండు వరసలు వెనక కూర్చున్నాను.

సౌమిత్ర గారు తీయించాక నేను తెప్పించుకున్న ఆ ఇంజను ఇప్పుడు గాజువాకలో నా షెడ్డులో ఉంది. ఏ బండికీ బిగించలేదు. ఆ లారీ టెక్కలి దాకా వెళ్ళగలిగేదని నాకు తెలుసు. నాలుగేళ్ళు దాన్ని విప్పి బిగించినవాణ్ణి. నెల ముందు నిజం చెప్పి ఉంటే ఇంకో దారికి అనుమతి అడిగే వ్యవధి ఉండేది. అది దొరికేదో లేదో గాని, నేనసలు అడగనే లేదు. వాళ్ళకు దక్కింది పదిహేను కిలోమీటర్లు, అది కూడా ఆయన నా మాట కాదని తిప్పినందువల్ల. మీలో ఎవరైనా పాత బండి అమ్మబోతుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. అనుమతికి దరఖాస్తు పెట్టేముందు, ఆఖరిసారి అది ఎటు వెళ్ళాలో దాన్ని నడిపినవాళ్ళను అడగండి. దారి కాలమ్ ఆ తర్వాతే నింపండి.