నాయనమ్మ వినే వాకిలి

నా చిన్నప్పుడు నాకు నోరెక్కువ. ఇప్పుడంటే మాట్లాడేవాళ్లు లేక తగ్గింది గానీ, అప్పట్లో మా మట్టెవాడ ఇంట్లో ఎవరేం మాట్లాడినా మధ్యలో నా మాటొకటి పడాల్సిందే. ఆ నోటి దురుసుతోనే మా నాయనమ్మ విషయంలో ఒక తప్పు చేశాను.

మా వాకిలి నిండా షాబాదు బండలుండేవి. ఇసుక మీద పరిచినవి కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ కదిలిపోయాయి. ఒకదాని మీద అడుగేస్తే టక్కుమనేది, ఇంకొకటి కింది నుంచి బురద చిమ్మేది. సందుల్లో గడ్డి. మా అమ్మ బిందెతో వస్తూ రెండుసార్లు తట్టుకుని పడబోయింది. ఇక లాభం లేదని మా బాపు వాకిలంతా కాంక్రీటు పోయిస్తానన్నాడు. మేస్త్రీ తాతకు కబురు వెళ్లింది. ఆయన మా గల్లీ చివర మసీదు పక్కన ఉండేవాడు.

మేస్త్రీ తాత బండలన్నీ చూసి తల గోక్కున్నాడు. "ఇసుక సరిజేసి ఇవే బండలు మళ్ల పరుస్త. కదిలితే లేపి సరిజేసుకోవచ్చు. కాంక్రీటు పగిలితే అతుకులే. జర పెద్దమ్మను గూడ అడుగుర్రి" అన్నాడు. పెద్దమ్మ అంటే మా నాయనమ్మే. ఆమెకు రెండు కళ్లూ పోయి అప్పటికి మూడేళ్లు. పొద్దంతా అరుగు మీద మంచంలో కూర్చునేది.

"నాయినమ్మకు కనపడదు గదా, ఏదేసినా ఒక్కటే!" అన్నాను నేను. అందరూ నవ్వారు. పాపం, నాయనమ్మ కూడా నవ్వింది. ఆమెనిక ఎవరూ అడగలేదు.

గేటు నుంచి అరుగు దాకా ఒక పక్క కాంక్రీటు పోశారు. ఇంతలో సిమెంటు బస్తాలు అందక పని ఆగింది, రెండో పక్క బండలు అలాగే మిగిలాయి. కాంక్రీటు ఆరాక అందరం దాని మీదే నడిచాం. ఎంత సుఖమో! కానీ నాయనమ్మ మారిపోయింది. ఊరికే "ఎవరది?" అని పిలిచేది. "ఎవ్వరు లేరు, ఊకో" అని కసురుకునేవాళ్లం. చేతికి గ్లాసు అందిస్తే ఉలిక్కిపడేది. కొన్నాళ్లకు అరుగు మీదకు రావడమే మానేసింది. వయసు మీద పడిందనుకున్నాం.

సిమెంటు దొరికిన రోజు మేస్త్రీ తాత వచ్చి, లోపల గోడవైపు తిరిగి పడుకున్న నాయనమ్మతో చాలాసేపు మాట్లాడాడు. ఆమె చెయ్యి పట్టుకుని అరుగు మీదకు తెచ్చి కూర్చోబెట్టాడు. తర్వాత నన్ను పిలిచి, ఆమె పక్కన కూర్చోమని, నా కళ్లకు తన దస్తీ కట్టాడు. "ఎవరొస్తాండ్రో చెప్పు బేటా" అన్నాడు.

ఆట అనుకుని నవ్వుతూ కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. "ఎవరు?" అన్నాను. మళ్లీ అడిగాను. ఇంట్లోవాళ్లంతా వాకిట్లోనే ఉన్నారని తెలుసు, అయినా ప్రపంచంలో నేనొక్కదాన్నే మిగిలినట్టు అనిపించింది. అంతలో చల్లగా ఏదో చెంపకు తగిలింది. కెవ్వుమన్నాను. కాంక్రీటు మీద నడిచొచ్చిన మా అమ్మ చేతిలో నీళ్ల గ్లాసు!

నాయనమ్మ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "గట్లనే ఉంటది బిడ్డా. ఇన్ని దినాల సంది నాకు గట్లనే ఉంటాంది" అంది.

మేస్త్రీ తాత ఈసారి ఇంట్లోవాళ్లను రోజూ పనులకు తిరిగినట్టే బండల మీద నడవమన్నాడు. టక్, టక్. "మీ అమ్మ. సంకల బిందె ఉన్నది" అంది నాయనమ్మ. మళ్లీ చప్పుడు. "మీ బాపు. చెప్పులు తొడుక్కున్నడు, పనికి వోతాండు." దస్తీ కింద నాకు ఏడుపు ఆగలేదు. 'ఏదేసినా ఒక్కటే' అని నేను అన్న మాటకు ఆమె ఎందుకు నవ్విందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

"మిగిలిన పక్క బండలే ఉండనీ తాతా" అన్నాడు మా బాపు. తెచ్చిన సిమెంటు గోడలకు వాడుకున్నాం. అందరం బండల మీదే నడవాలని చెప్పుకున్నాం గానీ, నున్నటి దారి ఉంటే కాలు అటే పోతుంది కదా. నేను మాత్రం కాంక్రీటు మీద నడిచిన రోజు గేటు దగ్గరే "నాయినమ్మా, నేనే!" అని అరిచేదాన్ని. ఆమె పోయేదాకా అలాగే అరిచాను.

ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా గేటు దగ్గరే "నేనే" అంటాను, ముసలివాళ్లున్న ఇల్లయితే మరీ గట్టిగా. నవ్వేవాళ్లు నవ్వనీ. కిందటేడు మా ఇంటి ముందు నేలకు సిమెంటు బిళ్లల పేవర్లు వేయిస్తానంటే, "పేవర్లు కొన్ని దినాలకు కదులుతయ్ మేడం, కాంక్రీటు పోసేద్దాం" అన్నాడు కాంట్రాక్టరు. "కదలనీ నాయినా, పేవర్లే వెయ్యి" అన్నాను. నేను ఒక్కదాన్నే ఉండే ఇల్లు అది. ఏడాది దాటింది. పొద్దున్నే ఊడుస్తూ ఒక్కొక్కదాన్నీ కాలితో నొక్కి చూస్తుంటాను. ఇంతవరకు ఒక్కటీ కదల్లేదు. కదలాలంటే వచ్చిపోయే మనుషులుండాలి కదా.