ఎర్ర రంగు పెద్ద అక్షరాలు

దూలపల్లిలో పంపుల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. రెండు వేల సంవత్సరం దాటాక మా ఆఫీసుకు ఈమెయిల్ వచ్చింది, దాని వెనకే చెత్త మెయిళ్లూ వచ్చి పడ్డాయి. లాటరీలు, మందులు, ఎవరో దొరల ఆస్తులు... అబ్బబ్బ, ఒకటా రెండా! విసుగొచ్చి, చెత్తను పక్కకు తోసే ఫిల్టరు పెట్టాను.

అది తనంతట తానే నేర్చుకునేది. ప్రతి మెయిలుకూ మార్కులు వేసి, మరీ ఎక్కువొస్తే చెత్త అనీ, మరీ తక్కువొస్తే మంచిదనీ గుర్తుపెట్టుకునేది. మధ్యలో ఉన్నవాటి నుంచి ఏమీ నేర్చుకునేది కాదు. దాని గుణం ఇంకొకటి నాకు మహా నచ్చేది. నేర్చుకోవాలా వద్దా అని తేల్చేటప్పుడు, తనకు అంతకుముందున్న అభిప్రాయాన్ని పక్కన పెట్టి, నియమాల ప్రకారం మళ్లీ లెక్క కట్టేది.

మా ఓనరు దేవరయాంజాల్‌లో పొలాలున్న ఇంటివాడు. ప్లాట్ల వ్యాపారం కూడా ఉండేది. మేడ్చల్ రోడ్డు మీద ఆయన బోర్డులెలా ఉండేవో మెయిళ్లూ అలాగే ఉండాలి: అన్నీ పెద్ద ఇంగ్లిషు అక్షరాలు, ఎర్ర రంగు, పైన 'అర్జెంట్'. "సిన్న అచ్చరాలు రాస్తే సిన్న కంపెనీ అనుకుంటరు" అనేవాడు.

ఆ మెయిళ్లు రాసేది మచ్చ బొల్లారం నుంచి వచ్చే అమ్మాయి. ఇంకా పర్మనెంట్ కాలేదు. తండ్రి మంచాన పడ్డాడు, ఇల్లు ఆమె జీతంతోనే నడిచేది. చేరిన కొత్తలో బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిందని, ఈ పిల్ల పనికి రాదని ఓనరు అప్పుడే తేల్చేసుకున్నాడు.

ఒకసారి ఆ అమ్మాయి పుణె కంపెనీకి ధరలు పంపి ఎదురుచూస్తోంది. ఎన్నాళ్లకూ జవాబు లేదు. ఓనరు అందరి ముందూ నా వైపు తిరిగి అరిచాడు.

"మెయిలే పంపలే గీ పొల్ల. నాకు ముందే ఎర్క. రేపటి సంది రావొద్దని చెప్పు."

"పంపిన సార్, ఒట్టు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫిల్టరు పక్కకు తోసిన కుప్ప తెరిచాను. పుణె వాళ్ల జవాబులు వరుసగా అందులోనే ఉన్నాయి. ఆర్డరిస్తాం, ఎందుకు పలకరు అని అడుగుతున్నారు. ప్రతి జవాబుకూ మేం పంపిన మెయిలు అంటుకునే ఉంది: పైన మా 'అర్జెంట్', కింద మా ఎర్ర అక్షరాలు. చెత్త మెయిళ్ల గుర్తులూ అవే కాబట్టి పైదానికీ మార్కులు, లోపలి రాతకూ మార్కులు పడ్డాయి. ఫిల్టరుకు అనుమానమే రాలేదు. మొదటిది చెత్త అని నేర్చుకుంది, తర్వాతివి ఇంకా గట్టిగా తోసేసింది.

ఓనరు తెర మీదికి వంగి చూశాడు. "ఏంది గిది? మిషిన్‌కు గింత కూడ తెల్వదా?"

"మిషిన్‌ను అంటరేంది సార్? అది నేర్సుకునే ముందు ఎనకటి మాట పక్కకు పెట్టి మల్ల లెక్క జూస్తది. మనం గీ పిల్ల సంగతిల గదన్న జేసినమా?" అనేశాను. నా ఉద్యోగం పోతే పోనీ అనిపించింది.

ఆయన కోప్పడలేదు. కుర్చీ ఆమె వైపు జరిపి, "జల్దీ జవాబు రాయి బిడ్డా" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని కూర్చుంది. కీబోర్డు మీద వేళ్లు పెట్టి ఆగింది.

"ఎర్ర రంగులోనేనా సార్?"

"నీకెట్ల మంచిగనిపిస్తే గట్ల రాయి" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "రేపు బస్సు దొరక్కుంటే ఫోన్ జెయ్యి. బండి పంపిస్త."